సాక్సులతో చేసిన బూట్ల డాన్సు

ఆ రోజుల్లో సినిమాలో పాట మొదలవగానే సిగరెట్ కాల్చుకోడానికి బయటికి పోయేవాళ్లు ఒక జాతి, పాట అయిపోయాక పోయేవాళ్లు ఇంకో జాతి. నేను రెండో జాతివాణ్ణి. కథంటారా, అది ఎవరైనా చెప్తారు. టిఫిను సెంటర్లో పక్కబల్ల మనిషి చెప్తాడు, ఇంటర్వెల్‌కే లేచి వచ్చేసినవాడు కూడా చెప్తాడు. కానీ ఆవిడ మెట్లు దిగుతూ చెయ్యి ఎలా తిప్పింది, ఆయన టోపీ పైకి ఎగరేసి అటు చూడకుండానే ఎలా పట్టుకున్నాడు అన్నది మాత్రం ఎవరి కళ్లతో వాళ్లు చూడాల్సిందే. ఇప్పుడు ఫోన్లో వేలితో నొక్కితే ఏ పాటైనా ఎన్నిసార్లైనా వస్తుంది. అందుకే కాబోలు, దేన్నీ చివరిదాకా చూడకుండా పక్కకి తోసేస్తున్నాం. (నేనూ తోసేస్తున్నాను, ఒకర్ని అనడానికి లేదు.) మొన్నామధ్య స్లౌ నుంచి లండన్ వెళ్లే రైల్లో ఒక కుర్రాడు పాత నలుపు తెలుపు డాన్సొకటి పెట్టుకుని, బూట్లు టకటకలాడే చోటు రాగానే ముందుకి జరిపేశాడు. నాకు ఎవరో నా కాలు తొక్కినట్టయింది. ఎందుకయిందో చెప్పాలంటే కార్డిఫ్ దాకా వెళ్లాలి, ఓ ఇరవయ్యేళ్లు వెనక్కి కూడా.

విజయవాడలో ఒక దినపత్రిక డెస్కులో కొన్నేళ్లు పనిచేసి, జర్నలిజంలో పైచదువు అంటూ బ్రిటన్‌లో, వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో దిగాను. వార్తలు రాసి బతుకుతున్నవాడు వార్తలు ఎలా రాయాలో నేర్చుకోడానికి అంత దూరం వెళ్లడమేమిటని మా న్యూస్ ఎడిటరు అడిగాడు. ఆ ప్రశ్న ఆయన బల్ల మీదే వదిలేసి విమానమెక్కాను. బస మాత్రం కుదిరింది. మా పెద్దమ్మ తోడికోడలి అన్నయ్య ఒకాయన అక్కడి ఆస్పత్రిలో డాక్టరు. తెనాలి మనిషి. (ఈ చుట్టరికాన్ని ఆయన ఒకసారి వేళ్ల మీద లెక్కపెట్టబోయి మధ్యలో వదిలేసి, "సరేలేవయ్యా, పైగది ఖాళీగానే ఉంది" అన్నారు.) ఆపరేషన్‌కి ముందు రోగిని నిద్రపుచ్చడం ఆయన పని. కార్డిఫ్ తెలుగువాళ్లలో డాక్టర్లు బోలెడు మంది కాబట్టి గుర్తు కోసం ఒక్కొక్కరికీ ఒక పేరుండేది. ఎముకల డాక్టరు, పిల్లల డాక్టరు, ఈయన మత్తు డాక్టరు. ఆ పేరు ఆయన స్వభావానికీ సరిపోయేది. ఎప్పుడూ నెమ్మదిగా, మెత్తగా మాట్లాడేవారు. తెలుగు సంఘం ప్రెసిడెంటు హోదాలో ఆయన ప్రసంగం మొదలెడితే వెనక వరసల్లో ఆయన వృత్తి ఫలించేది.

ఆయన అసలు రూపం ఆదివారం మధ్యాహ్నం బయటపడేది, అదీ ఆస్పత్రి డ్యూటీల రోటాలో ఖాళీ దొరికిన ఆదివారం. భోజనాలయ్యాక టీవీ ముందు చేరేవాళ్లం. డీవీడీల్లో ఆయన సినిమాలు చూసేవారు కాదు, పాటలు చూసేవారు. తెలుగు, హిందీ, ఇంగ్లీషు అన్న పట్టింపు లేదు. అడుగులు వేసేవాళ్లు బాగా వేస్తే చాలు. ఆయన భార్యకి, అంటే జీపీ సర్జరీ అనే పేట డాక్టరు క్లినిక్కులో రిసెప్షన్ చూసే ఆంటీకి, మన పాత తెలుగు స్వప్నగీతాలంటే ప్రాణం. పొగ మబ్బులు, మబ్బుల మీద కోట, కోటలోంచి దిగివచ్చే నాయిక. అంకుల్‌కి మాత్రం అన్నిటికన్నా ఇష్టమైనది ఒక పాత ఇంగ్లీషు సంగీత చిత్రంలో, ఇద్దరు రైల్వే పోర్టర్లు రైలు రాక దిగులుగా కూర్చున్న ప్రయాణికుల్ని నవ్వించడానికి ప్లాట్‌ఫారం మీద చేసే డాన్సు. మాటల్లేవు. అడుగున ఇనప రేకు కొట్టిన బూట్లే పాట. కాసేపు సంగీతం మోగుతుంది, ఆగిపోతుంది. ఆగినచోట మొదటివాడి బూట్లు ఏదో అడుగుతాయి, రెండోవాడి బూట్లు జవాబు చెప్తాయి. మళ్లీ సంగీతం అందుకుంటుంది.

"ఇదేం డాన్సు అబ్బాయ్, గుర్రాల శాలలా ఉంది. మా హీరోయిన్ ఆ మబ్బుల్లో నడిచే నడక చూడు, అదీ డాన్సంటే" అనేది ఆంటీ.

"గుర్రాల శాల కాదే, అది ఒక భాష" అనేవారు అంకుల్.

"అయితే ఆ బూట్లు ఏమంటున్నాయో చెప్పండి."

అంకుల్ రిమోటు పక్కన పెట్టి, టీవీ వైపు వేలు చూపిస్తూ చాలా శ్రద్ధగా తర్జుమా చేసేవారు. "ఇప్పుడు వాడు అడిగాడు, రైలొస్తుందా అని. వీడేమన్నాడు, రాదు, అయితే ఏంటట అన్నాడు. మళ్లీ వాడు, ఇంటి దగ్గర ఎదురు చూస్తారేమో అన్నాడు. వీడు, చూడనీ, కాస్త ఆకలేసినవాడికే అన్నం రుచి అన్నాడు..."

"ఇంత కథ ఆ టకటకలో ఉందీ?" అని ఆంటీ నా వైపు తిరిగేది. "పేషెంట్లకి ఎక్కించే మందు ఈయనే కాస్త పీలుస్తున్నట్టున్నారు అబ్బాయ్."

గుంటూరులో మెడిసిన్ చదివేటప్పుడు ఆయన ఆ సినిమాని మార్నింగ్ షోలో చూశారట. హాస్టలుకి తిరిగొచ్చి, చెప్పుల అడుక్కి సోడా మూతలు మేకులతో కొట్టుకుని మెస్సులో మొదలెట్టారట. అన్నం తినేవాళ్లు పళ్లాలతో సహా లేచిపోయారట. వార్డెన్ ఆ చెప్పులు లాక్కుని, మీ నాన్నకి ఉత్తరం రాస్తానన్నాడట. తర్వాత చదువు, వీసా, పరీక్షలు, పెళ్లి, నైట్ డ్యూటీలు. సోడా మూతల దగ్గర ఆగిపోయిన డాన్సు అక్కడే ఆగిపోయింది.

మళ్లీ దాన్ని లేపింది ఆంటీయే, వెక్కిరించబోయి. ఒక సాయంత్రం సర్జరీ నుంచి వచ్చి కోటు తగిలిస్తూ, "ఏమండీ, మా నోటీసు బోర్డు మీద కాగితం పెట్టారు. మీ గుర్రాల శాలలోకి మనుషుల్ని చేర్చుకుంటున్నారట. చర్చి హాల్లో, మంగళవారాలు. వయసుతో పని లేదట" అంది. అంకుల్ నవ్వలేదు. అన్నం తిని చేతులు కడుక్కునేటప్పుడు నా పక్కకి వచ్చి, "ఒక్కణ్ణే వెళ్తే బాగోదయ్యా" అన్నారు.

"నాకు డాన్సు రాదు అంకుల్."

"వస్తే క్లాసెందుకు? పైగా అది ఇద్దరి డాన్సు. నేను అడగాలంటే జవాబు చెప్పేవాడు ఒకడుండాలిగా." మళ్లీ మెత్తగా అన్నారు, "ఒక్కసారి, నలుగురి ముందు, చప్పుడొచ్చే బూట్లతో అది చెయ్యాలయ్యా. మోకాళ్లు ఇప్పటికే గొణుగుతున్నాయి. అవి పూర్తిగా మొరాయించేలోపు ఒక్కసారి. అంతే."

అలా మేమిద్దరం చర్చి హాల్లో చేరాం. క్లాసులో మిగతావాళ్లంతా రిటైరైన వెల్ష్ బామ్మలు. మగవాళ్లం మేమే, ముప్పై దాటనివాణ్ణి నేనొక్కణ్ణే. టీచరమ్మ పొట్టిగా, గట్టిగా, గుండ్రటి కళ్లద్దాలతో ఉండేది. అందర్నీ 'లవ్' అని పిలిచేది, మన 'బాబూ', 'అమ్మా' లాగ. మొదటిరోజు "ఎడమకాలు లవ్, ఎడమకాలు" అని ఆమె అంకుల్ భుజం తడితే, వేలమందిని చలించకుండా నిద్రపుచ్చిన మనిషి చెవుల దాకా ఎర్రబడిపోయారు. మంగళవారాలు ఖాళీ చేసుకోడానికి ఆయన ఆదివారాల ఆన్‌కాల్ డ్యూటీలు తీసుకోవడం మొదలెట్టారు. ఆదివారపు పాటలు అలా పోయాయి. ఆస్పత్రిలో ఎవరైనా మంగళవారం ఏముందని అడిగితే ఫిజియోథెరపీ అని చెప్పేవారు. రేకులు కొట్టిన ఆ బూట్లు చూసి, మోకాళ్ల కోసం కాబోలని నమ్మేవాళ్లు కూడా.

ఇంట్లో సాధన చెయ్యడం ఇంకో కథ. తెలుగువాళ్ల ఇల్లు కదా, చెప్పులూ బూట్లూ గుమ్మం దగ్గరే ఆగిపోవాలి. ఆ విషయంలో ఆంటీ దగ్గర అప్పీలు లేదు. బాయిలర్ బాగుచెయ్యడానికి వచ్చిన ఆరడుగుల మనిషి చేత కూడా బూట్లు విప్పించి, చిరిగిన సాక్సుతో నిలబెట్టిన మనిషి ఆమె. కాబట్టి మా సాధన గరాజులోకి మారింది. సిమెంటు నేల మీద చెక్క పలక పరిచి, పాత ఫ్రిజ్జుకీ బియ్యం బస్తాలకీ మధ్య ఇద్దరు పోర్టర్లం. చలికి నోట్లోంచి పొగలు వచ్చేవి. (ఆంటీ మబ్బుల సెట్టింగు కావాలంటే అక్కడే ఉండేది.) ఒకరోజు పక్కింటి ముసలాయన తలుపు కొట్టి, మీ పైపుల్లో గాలి చేరినట్టుంది, నాకు తెలిసిన ప్లంబర్ ఉన్నాడు, పంపమంటారా అని చాలా మర్యాదగా అడిగాడు. అంకుల్ అంతకన్నా మర్యాదగా, ఆ చప్పుడు తనదేనని చెప్పారు. ఆయన కాసేపు అంకుల్ బూట్ల వైపు చూసి, మీ వయసులో నాకూ ఇలాగే ఏదో పట్టుకుంది, నేను పడవ కొన్నాను అని చెప్పి వెళ్లిపోయాడు.

నిజం చెప్పాలంటే నేను బాగా చెయ్యలేదు. నా కాళ్లకి జవాబులు ఎప్పుడూ ఆలస్యంగా తట్టేవి. అంకుల్‌కి మాత్రం మెల్లిగా పట్టుబడింది. చలికాలం పోయేసరికి ఆయన పాదాల కింద అక్షరాలు విడివిడిగా వినపడడం మొదలైంది. ప్రశ్న వేసి, ఒక కాలు వెనక్కి పెట్టి, తల పక్కకి వంచి నా జవాబు కోసం చూసే ఆ చూపు చూస్తే, తప్పు జవాబు చెప్పడానికి సిగ్గేసేది.

సంఘం ఉగాది కార్యక్రమంలో చేద్దామని నిర్ణయించాం. (బ్రిటన్‌లో ఉగాది పంచాంగాన్ని బట్టి రాదు, స్కూలు హాలు ఎప్పుడు ఖాళీగా ఉంటే అప్పుడు వస్తుంది. ఆ ఏడాది మూడు వారాలు ఆలస్యంగా వచ్చింది.) టీచరమ్మ మాకోసం ఆ డాన్సు సంగీతాన్ని సీడీ మీద ఎక్కించి ఇచ్చింది. సినిమాలో బూట్లు మోగే చోటల్లా పూర్తిగా నిశ్శబ్దం వదిలింది. అక్కడ మా బూట్లే మోగాలి కదా. ముందు వరసలో తను కూడా వచ్చి కూర్చుంది, క్లాసులో ఇద్దరు బామ్మల్ని వెంటబెట్టుకుని. ఉగాది పచ్చడి చేతికిస్తే మొత్తం ఒక్క గుక్కలో తాగేసి, ఆ తర్వాత చాలాసేపు ఆలోచనలో పడింది.

పిల్లల శ్లోకాలయ్యాయి, ఒకమ్మాయి కూచిపూడి అయింది. పక్కన తెర వెనక మేమిద్దరం సిద్ధం. బూడిదరంగు ప్యాంట్లు, ఎర్రటి వెయిస్టుకోట్లు, నెత్తిన పోర్టరు టోపీలు, కాళ్లకి తళతళలాడే బూట్లు. మైకులో మా పేర్లు చదివారు. అంకుల్ స్టేజీ మెట్ల దాకా వెళ్లి, మొదటి మెట్టు ముందు ఆగిపోయారు. భయపడ్డారనుకున్నాను.

"ఏమైంది అంకుల్?"

"దీపం" అన్నారు.

"ఏ దీపం?"

ఆయన గడ్డంతో చూపించారు. స్టేజీ మీద ఓ మూల నటరాజ విగ్రహం, పూలదండ, పక్కన నిలువెత్తు కుందిలో వెలుగుతున్న దీపం. కార్యక్రమానికి ముందు ప్రెసిడెంటు హోదాలో దాన్ని వెలిగించింది ఆయనే. బూట్లు విప్పి, సాక్సులతో స్టేజీ ఎక్కి, దణ్ణం పెట్టి మరీ వెలిగించారు. ప్రతి ఏడూ వెలిగిస్తూనే ఉన్నారు. అయినా ఆ చలికాలమంతా గరాజులో, చర్చి హాల్లో, కార్లో, చివరికి భోజనాల బల్ల కింద కూడా అడుగులు వేసిన మా ఇద్దరిలో ఒక్కరికైనా, ఆ స్టేజీ మీద దీపం ఉంటుందనీ, బూట్ల డాన్సుకి బూట్లు కావాలనీ, ఈ రెండూ ఒకేచోట కలుస్తాయనీ తట్టలేదు.

"ఆ మూలనెక్కడో ఉంది కదా అంకుల్, ఏం కాదు. ఎవరూ ఏమనరు" అన్నాను.

"ఎవరో అంటారని కాదయ్యా. కాలు లేవట్లేదు."

రెండోసారి మైకులో మా పేర్లు చదివారు. హాల్లో పిల్లలు చప్పట్లు మొదలెట్టారు.

"నువ్వు వేసుకునే ఎక్కు. నీకు పట్టింపు లేదుగా" అన్నారాయన, వంగి లేసులు విప్పుకుంటూ.

నాకు అంతవరకూ ఏ పట్టింపూ లేదనే నేనూ అనుకునేవాణ్ణి. డెస్కులో రాత్రి డ్యూటీల్లో నాస్తికత్వం మీద గంటలకొద్దీ వాదించినవాణ్ణి. కాలు మెట్టు మీద పెట్టబోయాను. అది నా మాట వినలేదు. ఇద్దరం రెండు జతల బూట్లూ మెట్ల కింద బుద్ధిగా పక్కపక్కన పెట్టి, సాక్సులతో స్టేజీ ఎక్కాం.

సంగీతం మొదలైంది. పాలిష్ పట్టిన చెక్క నేల మీద మొదటి తిప్పుడులోనే నేను అనుకున్నదానికన్నా ఒక గజం అవతల తేలాను. ఫర్వాలేదు, జనం నవ్వారు, ఆమాత్రం హాస్యం పోర్టర్లకి ఉండాల్సిందే. తర్వాత సంగీతం ఆగింది. అంకుల్ మొదటి ప్రశ్న వేశారు. ఏమీ వినపడలేదు. హాలంతా నిశ్శబ్దంలో పెద్దమనిషి ఒకాయన సాక్సులతో గబగబా కాళ్లు ఆడిస్తున్నారు, పక్కన నేను తల వంచి శ్రద్ధగా వింటున్నాను. వెనకనుంచి ఎముకల డాక్టరు గారి గొంతు ఖంగుమంది, "సౌండ్! సౌండ్ పోయింది!"

సౌండ్ చూసుకుంటున్నది ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు. చాలా చురుకైనవాడు. సీడీ ఆగిపోయిందనుకుని వెంటనే మళ్లీ మొదటినుంచీ పెట్టాడు. ఏం చేస్తాం, మేమూ మొదటినుంచీ మొదలెట్టాం. నేను మళ్లీ తేలాను. సంగీతం మళ్లీ ఆగింది. అంకుల్ కాలు ప్రశ్న కోసం లేచింది. "అరే, మళ్లీ పోయింది!" అని ఈసారి హాల్లో సగం మంది అరిచారు. కుర్రాడు డబ్బా మీద ఒకటి చరిచి మళ్లీ మొదటినుంచీ పెట్టాడు. మూడోసారి పోర్టర్లు ప్లాట్‌ఫారం మీదికి వచ్చేసరికి జనం పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. అంకుల్ మధ్యలో ఆగారు. టోపీ తీశారు. అందరికీ నమస్కారం పెట్టి, చాలా నెమ్మదిగా, ఎవరినో నిద్ర లేపకుండా గది దాటుతున్నట్టు స్టేజీ దిగిపోయారు. ఇంత చలికాలం సాధన చేసి మేము మొదటి ప్రశ్న కూడా దాటలేదు.

మెట్ల కింద బూట్లు వేసుకుంటుంటే టీచరమ్మ వచ్చింది. "మీ బూట్లెందుకు విప్పారు లవ్?" అని ఇంగ్లీషులో అడిగింది. నేను దీపం గురించి చెప్పడం మొదలెట్టాను. ఆమె దీపం వైపు ఒకసారి, స్టేజీ తెరల వైపు ఒకసారి చూసి, "ఓ, హెల్త్ అండ్ సేఫ్టీ! నిప్పు దగ్గర గెంతకూడదు, చాలా మంచి నిబంధన" అంది. అంకుల్ అవునని తలూపారు. అంతకన్నా దగ్గరి తర్జుమా మాకూ దొరకలేదు. అప్పుడామె చెప్పింది, వచ్చే నెల మొదటి శనివారం మధ్యాహ్నం చర్చి హాల్లో క్లాసువాళ్ల ప్రదర్శన ఉందని, అక్కడ నిప్పు లేదని, మీరిద్దరూ తప్పకుండా చెయ్యాలని.

"చర్చి అంటే అదీ దేవుడిదేగా అంకుల్?" అన్నాను, ఆమె అటు తిరగ్గానే.

"వాళ్ల దేవుడికి బూట్లు అలవాటేనయ్యా" అన్నారు అంకుల్. ఆయన ముఖంలో వెలుగు మళ్లీ వచ్చింది. "ఏమంటావ్?"

సరిగ్గా అప్పుడే ఇద్దరు కుర్రాళ్లు సమోసాలు తింటూ మా పక్కనుంచి పోతూ, "సాక్సు బ్రదర్స్ వెళ్తున్నార్రా, సైలెంటుగా ఉండండి" అన్నారు. వాళ్ల వెనక నా వయసు అమ్మాయిలు నలుగురు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. నేను డెస్కులో ఎన్నేళ్లు పనిచేసినా ముఖం మీది హెడ్డింగు దాచడం నేర్చుకోలేదు. అంకుల్ చదివేశారు.

"అయినా ఇప్పుడెందుకులే. నీకు పరీక్షలు కూడా ఉన్నాయి. వచ్చే ఏడాది చూద్దాం" అన్నారు.

"అవునంకుల్, వచ్చే ఏడాది గట్టిగా చేద్దాం" అన్నాను. మాట చాలా హుషారుగా వచ్చింది. ఊపిరి తిరిగిన మనిషి గొంతు అది. ఇప్పుడు తలుచుకుంటే ఆ హుషారే గుచ్చుకుంటుంది.

వచ్చే ఏడాదికి నేను కార్డిఫ్‌లో లేను. చదువు అయింది, స్లౌలో ఫ్యాక్టరీలూ ఆఫీసులూ ఉండే ట్రేడింగ్ ఎస్టేటులోని ఒక ఆఫీసులో కంపెనీలవాళ్ల రాతలు సరిదిద్దే ఉద్యోగం వచ్చింది. తర్వాత పెళ్లి, ఫ్లాటు, కూతురు. ప్రతి ఉగాదికీ ఫోన్ చేసేవాణ్ణి. శుభాకాంక్షలయ్యాక అంకుల్ ఒకటే అడిగేవారు, "ఏమయ్యా, నీ జవాబులు గుర్తున్నాయా?" గుర్తున్నాయనేవాణ్ణి. లేవు. ఆయనకీ తెలుసు, లేవని. మధ్యలో ఆయన రిటైరయ్యారు. ఒక మోకాలు మార్చారు, తర్వాత రెండోదీ మార్చారు. తనకి మత్తిచ్చిన కుర్రడాక్టరు తన దగ్గర పని నేర్చుకున్నవాడేననీ, మందు ఒక చుక్క ఎక్కువే ఇచ్చాడనీ ఫోన్లో ఫిర్యాదు చేశారు.

ఈ మధ్య, ఇక్కడ అందరికీ కలిసొచ్చే బ్యాంకు సెలవుల్లో మావాళ్లని తీసుకుని కార్డిఫ్ వెళ్లాను. అంకుల్ కుర్చీలో, పక్కన చేతికర్ర. మనిషి తగ్గారు, నవ్వు తగ్గలేదు. ఆంటీ కాఫీలు ఇచ్చింది. మాట మీద మాట వచ్చి సాక్సుల ముచ్చట బయటపడింది. మా అమ్మాయి పడీ పడీ నవ్వింది. దానికి తెలుగు అంతా అర్థమవుతుంది, సమాధానం మాత్రం స్లౌ ఇంగ్లీషులోనే వస్తుంది. "సో యూ నెవర్ డిడ్ ది హోల్ డాన్స్?" అంది.

"మీ నాన్న చెయ్యలేదమ్మా, మీ తాతయ్య చేశాడు" అంది ఆంటీ, కాఫీ కప్పులు సర్దుతూ. తాతయ్య అంటే అంకులే.

"ఎప్పుడు?" అన్నాను నేను.

"నువ్వు ఊరుకోవే" అన్నారు అంకుల్.

"ఎందుకు ఊరుకోవాలి? ఇన్నేళ్లు ఊరుకున్నాను చాలదా? అదే అబ్బాయ్, ఆ చర్చి హాల్లో, శనివారం. నువ్వెటో పోయావు. ఈయన సంచీలో బూట్లు పెట్టుకుని, బజారుకి పోయొస్తానని బయల్దేరారు. ఇంట్లో కూరలు నిండుగా ఉంటే బజారేమిటని నేనూ వెంటపడ్డాను. తీరా చూస్తే అక్కడ తేలారు. ముప్పై మంది కూడా లేరు, అందరూ ముసలాళ్లే. నేను ముందు వరసలో కూర్చున్నాను."

"అంకుల్, అది ఇద్దరి డాన్సు కదా" అన్నాను.

అంకుల్ చేతికర్ర కొసని తివాచీ మీద కాసేపు అటూ ఇటూ తిప్పారు. "మరేం చెయ్యను? నాకు నా సగమే వచ్చు. నా ప్రశ్నలు నేను అడిగాను. నీ జవాబులొచ్చే చోట తల వంచి నిలబడ్డాను, అవి అయిపోయేదాకా. టీచరమ్మ ముందే చెప్పింది, ఒక్కడివేగా లవ్, మధ్యలోకి జరుగు, బాగుంటుంది అని. జరిగితే అడుగులు మర్చిపోతానని నేను జరగలేదు. నీ వైపంతా అలాగే వదిలేశాను."

"చప్పుడొచ్చిందా?"

"వచ్చిందా ఏంటి!" అంది ఆంటీ. "ఒక్కో అక్షరం విడివిడిగా. అబద్ధమెందుకాడాలి అబ్బాయ్, నాకు మా మబ్బులకన్నా అదే నచ్చింది. ఆ ముసలాళ్లు ఆయన ఆగినప్పుడల్లా ఊపిరి బిగబట్టి ఆ ఖాళీ వైపే చూశారు. అదంతా డాన్సులో భాగమే అనుకున్నారు పాపం."

"ఎందుకు చెప్పలేదు అంకుల్, ఇన్నేళ్లూ?"

"చెప్తే నువ్వు బాధపడతావని" అన్నారాయన. "వచ్చే ఏడాది అనుకున్నాం కదా. అప్పుడు ఇద్దరం కలిసి చేసేవాళ్లం, రెండోసారి. నాకేం, రెండుసార్లు చేసినట్టుండేది."

మా అమ్మాయి ఇక నవ్వడం లేదు. నా మోచెయ్యి పట్టుకుని ఊపింది. "వై డిడ్న్ట్ యూ గో, నాన్నా? వేర్ వర్ యూ?"

మంచి ప్రశ్న. ఏ సంఘటనైనా ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని వెంటనే చెప్పడం నా వృత్తి. ఇప్పటికీ పాత ఎన్నికల రాత్రుల్లో డెస్కులో ఎవరు ఏ కుర్చీలో కూర్చున్నారో చెప్పగలను. ఆ శనివారం మధ్యాహ్నం ఆ ఊళ్లో, అక్కణ్ణుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలోనే ఎక్కడో ఉన్నాను. లైబ్రరీలో ఉన్నానా, ఎవరితోనైనా టేకవే తింటున్నానా, పైగదిలో దుప్పటి కప్పుకుని పడుకున్నానా? స్లౌకి తిరిగి వస్తూ కారు నడుపుతున్నంతసేపూ ఆలోచించాను. ఎంత తవ్వినా గుర్తు రాలేదు. అంటే పెద్ద పనేమీ ఉండి ఉండదు. ఎక్కడో కూర్చుని, తనని ఇక ఎవరూ చూసి నవ్వరన్న నిశ్చింతతో కాళ్లు చాపుకుని ఉంటాడు ఆ కుర్రాడు. వాడి మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. నవ్వొచ్చింది. ఖాళీగా ఉన్న నా ఎడమకాలు మాత్రం కారు నేల మీద ఒక జవాబు కోసం తడుముకుంది.